చివరి బిగింపు బరువు పడ్డాకే ఎందుకు?
1967 నాటి షెవర్లే కమారో ముందు సస్పెన్షన్‌ను ఇంటి గ్యారేజీలోనే విప్పి, కొత్త భాగాలతో బిగించుకోవచ్చు (నొక్కిపెట్టిన కాయిల్ స్ప్రింగు ప్రాణాంతకం కాబట్టి, దాన్ని తీసే పని అనుభవమున్న పెద్దలదే). అందులో కీలకం, చక్రాన్ని కారు చట్రానికి కలిపే కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు. ఈ రబ్బరు బేరింగులా తిరగదు. లోపలి ఇనుప గొట్టాన్ని గట్టిగా పట్టుకుని, చక్రం లేచి దిగినప్పుడల్లా మెలిపడుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బుష్ బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. అందుకే చివరి బిగింపు చక్రాల మీద కారు బరువు పడ్డాకే. అప్పుడు కారు కింద చెయ్యి దూరదంటారా? చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించండి. బరువూ పడుతుంది, చోటూ దొరుకుతుంది. పాలీయురేథేన్ బుష్‌లు గొట్టం చుట్టూ జారతాయి కనుక వాటికి ఈ చిక్కు లేదన్నది నిజమే. కానీ వాటికి గ్రీజు కావాలి, రోడ్డు అదురునూ ఎక్కువగా లోపలికి పంపుతాయి. మామూలు రోడ్డు మీద తిరిగే పాత కారుకు రబ్బరే మేలు.