ఆఫీసులో పాట – చెవికి తగిన హెడ్‌ఫోను

హైదరాబాదులోని జూబిలీ హిల్స్, ఫిలిం నగర్ ప్రాంతాలు తెలుగు సినిమాకు కాణాచి. రామానాయుడు స్టూడియో, తెలుగు ఫిలిం చాంబరు అక్కడే ఉన్నవి. వాటి చుట్టుపట్ల వీధులలో డబ్బింగు గదులు, ఎడిటింగు గదులు అనేకం. డబ్బింగు గదిలో నటి మైకు ముందు నిలబడి, తెరమీద బొమ్మను చూస్తూ, షూటింగునాడు పలికిన మాటలను హెడ్‌ఫోనులో వింటూ, వాటినే మళ్లీ స్పష్టంగా పలుకుతుంది. ఆమె ధరించే హెడ్‌ఫోను రెండు పనులు చేయాలి. ఆమెకు మాట స్పష్టంగా వినిపించాలి. ఆ మాట బయటికి పొక్కి మైకులో పడకూడదు. అందుచేత అక్కడ వెనుకభాగం మూసి ఉన్న హెడ్‌ఫోనులను వాడుతారు.

అదే వీధిలోని ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగి సంగతి ఆలోచించండి. పని చేసుకుంటూ పాట వినాలని అతని కోరిక. పాట తనకు బాగా వినపడాలి, పక్క బల్లవారికి వినపడకూడదు. నటికి ఉన్న షరతులే ఇతనికీ ఉన్నవి. వీటికితోడు మరి రెండు: ఖర్చు తక్కువ కావాలి, రోజుకు ఎన్నో గంటలు విన్నా చెవికి హాని కలుగకూడదు. ఈ చివరి షరతును దుకాణంలో ఎవరూ గుర్తుచేయరు. నిజానికి ముందు చూడవలసినది అదే.

శబ్దం పుట్టే తీరు

సాధారణమైన హెడ్‌ఫోను నిర్మాణం చాలా సులభం. ఒక పలుచని పొరకు సన్నని తీగచుట్ట అంటించి ఉంటుంది. ఆ చుట్ట అయస్కాంత క్షేత్రంలో ఉంటుంది. ఫోనునుంచి వచ్చే విద్యుత్తు మారినప్పుడల్లా చుట్ట ముందుకు, వెనుకకు కదులుతుంది. దానితో పొర కంపిస్తుంది. పొర గాలిని కంపింపజేస్తుంది. చవక రకంలోనూ, ఖరీదైన రకంలోనూ సూత్రం ఇదే.

పొర చెవికి అతి సమీపంలో ఉండుటచేత చాలా కొద్ది శక్తి చాలును. ఒక మిల్లీవాటు ఇచ్చినప్పుడు 100 డెసిబెళ్ల శబ్దం ఇచ్చే హెడ్‌ఫోను ఉన్నదనుకుందాం. 80 డెసిబెళ్లకు దానికి కావలసినది మిల్లీవాటులో నూరవ వంతు మాత్రమే. కాబట్టి ఎక్కువ శక్తి అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వవలసిన పని లేదు. డబ్బామీద వ్రాసే "20 నుండి 20,000 హెర్ట్జులు" అన్న మాటవల్లనూ లాభం తక్కువ. ఇంచుమించు అన్ని డబ్బాలమీదా అదే ఉంటుంది; ఆ మేరలో ఏ స్వరం ఎంత సమంగా పలుకుతుందో అది చెప్పదు. నిరోధం 16 నుండి 32 ఓముల వరకు ఉన్నవి ఫోనుకు సరిపోతాయి. స్టూడియోలలో కొన్నిచోట్ల వాడే 250 ఓముల రకానికి ప్రత్యేకమైన ఆంప్లిఫయరు కావలసి వస్తుంది. స్టూడియో సరుకు కదా అని దానిని కొంటే ఫోనులో పాట నీరసంగా వినిపిస్తుంది.

సందు చేసే చేటు

విద్యార్థులు తేలికగా చేయదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. చెవిలో అమర్చుకునే ఇయర్‌ఫోనులో మృదంగం ఉన్న పాట పెట్టండి. ఇయర్‌ఫోనును చెవినుంచి కొద్దిగా వదులు చేయండి. మృదంగం ఎడమవైపు పలికే గంభీరమైన నాదం పలుచబడిపోతుంది. పాడేవారి గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. మళ్లీ బిగించగానే ఆ నాదం తిరిగి వస్తుంది.

ఇందుకు కారణమేమి? వాషరు అరిగిన సైకిలు పంపును గుర్తు తెచ్చుకోండి. నెమ్మదిగా నొక్కితే గాలి పక్కలనుంచి జారిపోతుంది. గబుక్కున నొక్కితే జారిపోవుటకు వ్యవధి చాలక కొంతైనా ట్యూబులోకి పోతుంది. చెవివద్దనూ అట్లే. మంద్రస్వరాలలో పొర నెమ్మదిగా కదులుతుంది. సందు ఉంటే ఆ ఒత్తిడి బయటికి జారిపోతుంది. తారస్వరాలలో కదలిక వేగం కనుక నష్టం తక్కువ.

సందు దారిన పాట బయటికి పోవుటే కాదు, బయటి రొద లోపలికీ వస్తుంది. వినేవాడు హెడ్‌ఫోను మంచిది కాదనుకుని శబ్దం పెంచుతాడు. వేయి రూపాయలలోపు ఇయర్‌ఫోను చెవిలో చక్కగా అమరితే, అమరని ఖరీదైన హెడ్‌ఫోనుకంటె అది మేలు. ఇయర్‌ఫోనుతో సాధారణంగా మూడు కొలతల రబ్బరు తొడుగులు ఇస్తారు. మూడింటినీ పెట్టి చూసి, మంద్రస్వరం నిండుగా వినిపించేదానిని ఉంచుకోవాలి. రెండు చెవులకు రెండు కొలతలు పట్టినా ఆశ్చర్యం లేదు.

చెవిని పూర్తిగా కప్పే రకం కొనదలచిన వారు కళ్లద్దాలు పెట్టుకునే పరీక్షించాలి. కళ్లద్దాల కాడవల్ల మెత్తకు, తలకు మధ్య సందు ఏర్పడుతుంది. వెనుక తెరిచి ఉండే రకం వినుటకు హాయిగానే ఉంటుంది గాని ఆఫీసుకు పనికిరాదు. లోపలి పాట పక్కవారికి, బయటి మాటలు లోపలికి యథేచ్ఛగా ప్రయాణిస్తాయి.

రొదను రొదతో అణచుట

కొన్ని హెడ్‌ఫోనులలో చిన్న మైకు ఉంటుంది. అది బయటి రొదను గ్రహించి, దానికి సరిగా వ్యతిరేక దశలో ఉన్న తరంగాన్ని పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదాని నొకటి అణచుకుంటాయి. జర్మనీకి చెందిన పాల్ లూగ్ ఈ భావనకు 1936లో అమెరికాలో పేటెంటు పొందినాడు. బెంగాలునుంచి వెళ్లిన తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ గోపాల్ బోసు 1978లో విమానప్రయాణంలో ఇంజను రొదకు విసిగి ఈ భావనను హెడ్‌ఫోనులకు అన్వయించుటకు పూనుకున్నాడు.

ఈ ఉపాయం ఏసీ యంత్రపు గుయ్యిమనే శబ్దంమీద బాగా పనిచేస్తుంది, మాటలమీద అంతగా పనిచేయదు. 100 హెర్ట్జుల శబ్దానికి తరంగదైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు; 3,400 హెర్ట్జులకు 10 సెంటీమీటర్లే. తరంగం పొట్టిదైనకొద్దీ వ్యతిరేక దశను సరిగా కుదుర్చుట కష్టం. అక్కడ చెవిని మూసే తొడుగే రక్షణ. ఏసీ గదిలో కూర్చునేవారికి ఈ అదనపు ఖర్చు కొంత సార్థకమే; పక్కవారి సంభాషణే బాధ అయినప్పుడు ముందు అమరికను చూడాలి.

తీగ ఉండాలా, వద్దా అన్నది మరొక ప్రశ్న. బ్లూటూతులో శబ్దం కొంత ఆలస్యంగా చేరుతుంది. ఆలస్యం సెకండులో అయిదవ వంతు అనుకుంటే, సెకండుకు 24 బొమ్మలు నడిచే సినిమాలో మాట దాదాపు 5 బొమ్మలు వెనుకబడుతుంది. పెదవుల కదలికకు మాటను కలిపే పనికి ఇది పనికిరాదు. పాట వినేవారికి ఈ ఆలస్యం తెలియనే తెలియదు. తీగ ఉన్న రకానికి ఛార్జింగు అవసరం లేదు, ధర కూడా తక్కువ. ఫోనుకు ఏ రంధ్రం ఉన్నదో మాత్రం ముందు చూసుకోవాలి.

డెసిబెళ్ల లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన మేర వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెళ్లే. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగితే చెవిలో చేరే శక్తి రెట్టింపవుతుంది. వినదగిన కాలం సగమవుతుంది. 90 డెసిబెళ్లయితే వారానికి 4 గంటలే.

రోడ్డువైపు కిటికీ ఉన్న ఆఫీసులో రొద 70 డెసిబెళ్లు అనుకుందాం. పాట దానికంటె 15 డెసిబెళ్లు పైన ఉండాలని వినేవాని కోరిక. రొదను ఆపని హెడ్‌ఫోనులో అతడు 85 డెసిబెళ్లు పెడతాడు. వారానికి పన్నెండున్నర గంటలకే అతని మేర తీరిపోతుంది. అనగా రెండు రోజుల పని ముగియకముందే. రొదలో 15 డెసిబెళ్లు ఆపే ఇయర్‌ఫోను ఉంటే 70 డెసిబెళ్లతోనే అదే పాట అంతే స్పష్టంగా వినిపిస్తుంది.

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే కేశకణాలు ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు. మనిషిలో అవి నశిస్తే మళ్లీ పుట్టవు. నష్టం నొప్పి లేకుండా, కొద్దికొద్దిగా జరుగుతుంది గనుక తొలిదశలో తెలియదు.

కొనే ముందు చేయదగిన పరీక్ష ఒకటి. రాత్రి నిశ్శబ్దమైన గదిలో తెలిసిన పాటను హాయిగా వినిపించేటట్లు పెట్టి, ఫోనులో శబ్దం ఎన్నవ మెట్టున ఉన్నదో గుర్తుంచుకోవాలి. మరునాడు స్నేహితుని హెడ్‌ఫోను అడిగి ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇట్లే చూడవచ్చు. ఆఫీసులో ఒకటి రెండు మెట్లకు మించి పెంచవలసి వస్తే ఆ రకం ఆ చెవికి తగదు. ఇక సాయంత్రం జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు కూడలి దాటే వేళకు, ఎంత మంచి హెడ్‌ఫోను అయినా చెవిలో కాక సంచిలోనే ఉండాలి. రొదను బాగా ఆపేది వెనుకనుంచి వచ్చే బస్సు హారనునూ ఆపుతుంది.