క్యాంపులో మొదటి పొయ్యి: ఒక కుటుంబ చరిత్ర

కర్ణాటకలో గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతాల్లో తిరిగేవారికి ఊరిపేరు చివర ‘క్యాంపు’ అన్న మాట తరచు వినిపిస్తుంది. తుంగభద్ర ఎడమగట్టు కాలువ కింద భూములు కొనుక్కుని వచ్చిన కోస్తా రైతులు తాత్కాలికంగా వేసుకున్న పాకలకు పడిన పేరది. పాకలు పోయి మిద్దెలు, బియ్యం మిల్లులు, రామాలయాలు వచ్చినా పేరు మాత్రం పోలేదు.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. కాలువ కింద ఉన్నది చాలావరకు వానమీద జొన్న, పత్తి పండించే నల్లరేగడి మైదానం. నీరు పెట్టాలంటే నేల చదును చేయించాలి, గట్లు వేయించాలి, పెట్టుబడి కావాలి. డెల్టాలో ఒక ఎకరం అమ్ముకున్నవారికి ఇక్కడ కొన్ని ఎకరాలు వచ్చేవి. ఈ తేడాయే వలసకు మూలం.

మేము చెప్పబోయే దంపతులు పశ్చిమగోదావరి జిల్లానుంచి తొలి విడతలోనే వచ్చారు. ఇంటివారి కోరికపై పేర్లు ఇవ్వడం లేదు. అప్పట్లో గంగావతికి రైలు లేదు. గుంతకల్లు మీదుగా మీటరుగేజి బండిలో హోసపేట చేరి, అక్కడినుంచి బస్సో ఎడ్లబండో చూసుకోవాలి. ఇలా దిగినవారిలో చాలామందికి మొదటి భోజనం ఈ ఇంట్లోనే. పొలం బేరం కుదిరేదాకా వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు, వారి పాక పక్కనే మరో పాక వేసుకుని ఉండేవారు. ఎవరు వచ్చినా ఆమెకు తమ్ముడో మరిదో అయ్యేవారు. ఆమె అందరికీ అక్కగారో వదినగారో.

అయితే ఆ ఇంటి ఆతిథ్యం ఆతిథ్యం పొందడంతోనే మొదలైంది. వచ్చిన కొత్తలో తాగునీరూ, పొయ్యి రాజుకునేదాకా జొన్నరొట్టే ఇచ్చినది పక్క ఊరి కన్నడ కుటుంబం. మన గోంగూరను అక్కడి స్త్రీలు పుండిపల్లె అంటారని తెలిసిన రోజున ఆమె బెంగ సగం తీరిందని మనుమరాలు చెప్పింది. వారు తనను ‘అవ్వా’ అని పిలిస్తే మొదట ఆమెకు కోపం వచ్చిందట. ముప్పై ఏళ్లయినా నిండని తనను ముసలమ్మను చేశారనుకుంది. ఆ ప్రాంతపు కన్నడంలో అవ్వ అంటే అమ్మ.

ఇంటివారు ‘తాతయ్యగారి పుస్తకం’ అని భద్రపరచిన లెక్కల పుస్తకం ఒకటి ఉంది. మనుమలు తెలుగు ధారాళంగా మాట్లాడతారు కాని, చదువు కన్నడంలో సాగినందువల్ల చదవలేరు. చదివి చెప్పమని మాకు చూపించారు. అందులో ఎవరు ఎన్ని పూటలు తిన్నారు, ఎవరికి ఎన్ని కుంచాల విత్తనాలు బదులిచ్చారు, ఎవరి ఎడ్లు ఎన్ని రోజులు వాడుకున్నారు అన్న పద్దులున్నాయి. అన్నం పెట్టడం ధర్మబుద్ధితో చేసినదే. అయినా అప్పు, పొలం బేరం, పెళ్లి సంబంధం, ఇవన్నీ ఆ అరుగుమీదే తేలేవి. బ్యాంకు, హోటలు, కచేరీ లేనిచోట వాటి పని ఒక వంటిల్లు చేసింది.

భూమి కాగితాలు కూడా చూశాము. మొదటిది ఉర్దూలో, తర్వాతివి కన్నడంలో ఉన్నాయి. ప్రతిదానిమీదా తాతయ్యగారిది వేలిముద్ర. సంతకం చేయడం రాని మనిషి ఇన్నేళ్లు పద్దులెలా రాశాడు? ఆ దస్తూరి ఆమెదేనని, పుట్టింట్లో కొన్ని తరగతులు చదివిందని పెద్ద కూతురు ధ్రువపరచింది. అడిగేదాకా ఆ సంగతి ఇంట్లో ఎవరూ ప్రస్తావించలేదు.

ఇంకొక పద్దు మమ్మల్ని చాలాసేపు ఆపింది: రాత్రి నీళ్లు తిప్పినవారికి భోజనం, నలుగురికి. తక్కువ నీటిని ఎక్కువ నేలకు పంచాలని కాలువను రూపొందించారు. అందుకే చాలా భాగానికి ఆరుతడి పంటలే నిర్ణయించారు. మొదట్లోని పొలాల్లో వరి పెరిగేకొద్దీ చివరన ఉన్న మాన్వి, రాయచూరు వైపు రైతులకు నీరు అందడం కష్టమైంది. కుటుంబం చెప్పే కథలో ఈ సంగతి లేదు. నీళ్లు ఎవరి వంతువో ఆమె పద్దులోనూ రాయలేదు. మనుమడు మాత్రం ఈ పేజీని కూడా అచ్చువేయమన్నాడు.

పుస్తకం ఇంటివారి దగ్గరే ఉంది. మేము నకలు మాత్రమే తీసుకున్నాము. ఇటువంటివి ఇతర క్యాంపుల్లో ఉంటే వచ్చి చదివి పెట్టడానికి సిద్ధంగా ఉన్నాము. చెదలు పట్టినవైనా పారవేయవద్దని మనవి.