వయ్యారిభామపై మందు కొడుతున్నారా? జహీరాబాద్ రైతులూ.. కూరాకు కూడా పోతుంది జాగ్రత్త!

నాలుగు వానలు పడితే చాలు.. జహీరాబాద్ చుట్టుపక్కల 65వ నంబర్ జాతీయ రహదారి అంచున, ఖాళీ ప్లాట్లలో, చేను గట్ల మీద ఈ మొక్క గుంపులు గుంపులుగా లేస్తుంది. ఆకు క్యారెట్ ఆకులా, పూలు తెల్లటి చుక్కల్లా ఉంటాయి. పేరు కూడా ముచ్చటగానే పెట్టారు.. వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే, పార్థీనియం అన్నా ఇదే. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ఈ మొక్క సొంతూరు అమెరికా ఖండం. 1950ల మధ్యలో పుణెలో దీన్ని గుర్తించారు. దిగుమతి గోధుమలతో పాటు వచ్చిందని చెబుతారు.

మరి ఇంత భయమెందుకు? దీని ఆకుల మీది సన్నటి నూగులో పార్థెనిన్ అనే విష పదార్థం ఉంటుంది. ఒట్టి చేతులతో తరచూ పీకేవాళ్లకు దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి పీలిస్తే కొందరికి తుమ్ములు, ఆయాసం. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన నెల రోజులకే పూతకొస్తుంది కాబట్టి ఏడాదిలో ఎన్ని తరాలో లెక్కేసుకోండి!

ఇదంతా చూసి చాలామంది నేరుగా కలుపు మందు డబ్బా పట్టుకుంటున్నారు. మిగతా చోట్ల సంగతేమో గానీ, జహీరాబాద్‌లో అది తెలివైన పని కాదు. ఎందుకంటే ఇక్కడ కలుపంతా కలుపు కాదు. జొన్న, కంది చేలల్లో విత్తకుండానే మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి లాంటివి పేదింటి కూరాకులు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏళ్లుగా ఈ విషయమే చెబుతున్నాయి. మందుకు వయ్యారిభామ వేరు, తుమ్మికూర వేరు అని తెలియదు కదా!

అందుకే చేలో అయితే పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకెయ్యాలి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఒక్కరు పీకి పక్క గట్టు వదిలేస్తే లాభం లేదు, నలుగురూ కలిసి చేయాల్సిన పని ఇది. పూయని మొక్కలను ఎరువు గుంతలో వేసుకోవచ్చు, పూసినవి మాత్రం వద్దు. పంట లేని రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లినా మాడిపోతుంది. ఉప్పు నీళ్లు చేలోకి పోకుండా చూసుకోవాలి.

మరో మాట. వానాకాలంలో ఈ మొక్క ఆకులను జల్లెడలా తినేసే చిన్న పెంకుపురుగు కనిపిస్తే చంపకండి. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన జాతి అది. దాని తిండి ప్రధానంగా వయ్యారిభామే.