పాత ల్యాప్‌టాపు: గుర్తింపు, పరీక్ష

సంతలో ఎద్దును కొనబోవు రైతు ముందుగా దాని నోరు తెరచి పళ్ళు చూచును. పళ్ళను బట్టి వయస్సు తెలియును. వయస్సును బట్టి అది ఎంత పని చేయగలదో అంచనా కట్టవచ్చును. పాత కంప్యూటరు విషయములోను ఇదియే మొదటి పని. కార్యాలయములు వాడి విడిచిన చవుక రకపు ల్యాప్‌టాపులు విద్యార్థుల యిండ్లకును, పాఠశాలలకును చేరుట కలదు. అట్టిది ఒకనాడు ఆగిపోయినచో, ఇక పనికిరాదని మూలకు నెట్టుట మామూలు. కాని యంత్రమంతయు ఒక్కసారిగా చెడుట అరుదు. చెడిన భాగమేదో తేల్చగలిగినచో, తక్కిన భాగములు మరికొన్ని ఏండ్లు పనికివచ్చును.

ఉదాహరణమునకు డెల్ కంపెనీవారు 2011లో విడుదల చేసిన ‘లాటిట్యూడ్ ఇ5420’ అను ల్యాప్‌టాపును తీసికొనవచ్చును. లాటిట్యూడ్ యంత్రములు వ్యాపారసంస్థల కొరకు చేసినవి. వానిలో ఇ6000 వరుస ఖరీదైనది. ఇ5000 వరుస దానికంటె చవుక.

గుర్తులు చెప్పు సంగతులు

యంత్రపు అడుగుభాగమున ‘సర్వీస్ ట్యాగు’ అను 7 గుర్తుల సంకేతముండును. ఒకే నమూనాకు చెందిన యంత్రములలో కూడ ప్రాసెసరు, ర్యామ్, డిస్కు వేరువేరుగా ఉండవచ్చును. ఈ సంకేతమును కంపెనీ వెబ్‌సైటులో ఇచ్చినచో ఆ యంత్రము ఏయే భాగములతో ఫ్యాక్టరీనుండి వెలువడినదో తెలియును. దాని ప్రక్కనే ‘ఎక్స్‌ప్రెస్ సర్వీస్ కోడు’ అను పొడుగాటి సంఖ్య ఉండును. ఇది వేరొక సంకేతము కాదు. టెలిఫోనుపై నొక్కుటకు వీలుగా, ట్యాగునే అంకెలలో వ్రాసిన రూపము.

ఇందలి గణితమును విద్యార్థులు తామే చేసి చూడవచ్చును. పది అంకెలకు 26 ఇంగ్లీషు అక్షరములు చేర్చినచో 36 గుర్తులగును. ‘ఏ’ విలువ 10, ‘బి’ విలువ 11, చివరకు ‘జెడ్’ విలువ 35. దశాంశ పద్ధతిలో ఒక్కొక్క స్థానమునకు విలువ పదింతలైనట్లు, ఇక్కడ 36 రెట్లగును. కావున ‘1బి’ అనగా 1×36+11, అనగా 47. ఈ విధముగా 7 స్థానములలో 7,836 కోట్లకు పైగా వేరువేరు సంకేతములు ఏర్పడును.

ప్రాసెసరు పేరును కూడ ఇట్లే చదువవచ్చును. ‘ఐ5-2520ఎం’ అన్నచో, గీత తరువాతి మొదటి అంకె 2 రెండవ తరమును, ‘ఎం’ ల్యాప్‌టాపు రకమును తెలుపును.

విద్యుత్తుతో ప్రారంభము

యంత్రము అసలే వెలుగనపుడు ఎడాప్టరును ఊడదీసి, బ్యాటరీని తొలగించి, పవర్ బటనును సుమారు 20 సెకండ్లు నొక్కి ఉంచవలెను. కెపాసిటర్లలో మిగిలియున్న ఆవేశము దీనితో పోవును. పిదప ఎడాప్టరును మాత్రమే కలిపి చూడవలెను. అపుడు యంత్రము వెలిగినచో బ్యాటరీని అనుమానింపవచ్చును.

ఈ ఎడాప్టరు 19.5 వోల్టుల విద్యుత్తు నిచ్చును. దాని ప్లగ్గు మధ్య సన్నని సూది యొకటి కలదు. యంత్రమును నడపు విద్యుత్తు ఈ సూది ద్వారా రాదు. “ఈ ఎడాప్టరు ఇన్ని వాట్లది” అను సమాచారము మాత్రమే వచ్చును. తీగ నలిగి ఆ సమాచారము అందనిచో, యంత్రము వెలుగునే గాని బ్యాటరీని ఎక్కించదు. పైగా జాగ్రత్తకై తన వేగమును తగ్గించుకొనును. కావున ఛార్జి ఎక్కకపోవుట, నెమ్మదించుట అను రెండు లక్షణములకు ఒక్క తెగిన తీగయే కారణము కావచ్చును. సరియైన మరియొక ఎడాప్టరుతో పరీక్షించుటకు ముందే కొత్త బ్యాటరీ కొనుట వ్యర్థము.

దీని బ్యాటరీ రకములలో ఒకటి 60 వాట్-గంటలది. యంత్రము సగటున 15 వాట్లు వాడినచో కొత్త బ్యాటరీ 4 గంటలు వచ్చును. వయస్సు మీరి 15 వాట్-గంటలు మాత్రమే నిలుపగలిగినపుడు గంటలోనే ముగియును. బ్యాటరీ ఉబ్బినచో వాడుక మానవలెను. దానిని గ్రుచ్చుటగాని వంచుటగాని ప్రమాదము.

తెర చీకటియైనపుడు

దీపములు వెలిగి, ఫ్యాను తిరుగుచున్నను బొమ్మ రానిచో వేరొక మానిటరును తగిలించవలెను. అందులో బొమ్మ వచ్చినచో లోపము తెరలోనో దాని తీగలోనో ఉన్నది. అందులోను రానిచో ర్యామ్‌ను పరీక్షించవలెను. ఇందు రెండు గాడులు కలవు. ఎడాప్టరు, బ్యాటరీ రెండును తొలగించిన పిమ్మట ఒక్కొక్క పలకను విడివిడిగా పెట్టి చూచినచో చెడిన పలకయో, చెడిన గాడియో బయటపడును.

నెమ్మదికి కారణములు

సన్నని లోహపు రేకుల నడుమ ధూళి పేరుకొన్నచో గాలి ఆడదు. ప్రాసెసరు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. కొంతసేపు చురుకుగా పనిచేసి పిదప మందగించుట దీని లక్షణము.

మొదటినుండియు మందముగా ఉన్నచో తిరుగు డిస్కును చూడవలెను. నిమిషమునకు 5,400 సార్లు తిరుగు డిస్కులో, కావలసిన చోటు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు కాలము, అనగా సుమారు 5.6 మిల్లీసెకండ్లు పట్టును. ముల్లు ప్రక్కకు జరుగుటకు పట్టు కాలము దీనికి అదనము. కదలు భాగములు లేని ఎస్‌ఎస్‌డికి ఈ నిరీక్షణ లేదు. అదే పరిమాణపు ఎస్‌ఎస్‌డి ఈ యంత్రములో అమరును. మార్పునకు ముందు పాత డిస్కులోని పాఠములు, చిత్రములు వేరొక చోట భద్రపరచవలెను.

ఒక మార్పు, ఒక పరీక్ష

ఈ పరీక్షలన్నిటికి నియమమొక్కటే. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితమును కాగితముపై వ్రాసికొనవలెను. ఎడాప్టరును, ర్యామ్‌ను కలిపి మార్చినచో యంత్రము బాగుపడవచ్చును గాని, లోపమెక్కడిదో తెలియదు. ప్రయోగశాలలో ఒక అంశమును మార్చి తక్కినవానిని స్థిరముగా ఉంచు పద్ధతియే ఇది.

యంత్రము బాగైనను సాఫ్ట్‌వేరు సమస్య కలదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది; విండోస్ 11 ఇంత పాత ప్రాసెసరును అధికారికముగా అంగీకరింపదు. ఉచితముగా దొరకు లినక్సును ఇట్టి యంత్రములలో నెలకొల్పి తెలుగు, ఇంగ్లీషు చదువులకు వాడుకొనవచ్చును.

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థము ఏర్పడగా, అందులో సక్రమముగా సేకరింపబడి శుద్ధికి చేరినట్లు నమోదైనది 22.3 శాతమే. పాఠశాలలో మూలబడిన ల్యాప్‌టాపు ఉన్నచో, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో విద్యార్థులు ఈ వరుసలో పరీక్షించి చూడవచ్చును. అది బాగుపడినచో తరగతికి ఒక కంప్యూటరు దక్కును. బాగుపడనిచో దాని డిస్కు, ర్యామ్ మరియొక యంత్రమునకు ఉపయోగపడును.