చలికాలపు జ్వరమా? వానకాలపు జ్వరమా?

“తలమీద నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, పడిశం పట్టేస్తుంది. లోపలికి రండర్రా!” వాన మొదలవగానే ఇంట్లో మామ్మ అనే మాట ఇది. మీరూ వినే ఉంటారు.

విశాఖ ఉక్కునగరంలో దీనికి తోడు మరో మాట కూడా వినిపిస్తుంది. కొలిమి దగ్గర రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నాన్నగారికి ఒళ్లు వెచ్చబడిందనుకోండి. “అంత వేడిలోంచి ఒక్కసారిగా చల్లగాలిలోకి వచ్చారు గదా, అందుకే జ్వరం” అంటారు ఇంట్లోవాళ్లు.

ఇక ఇంగ్లండు, అమెరికాల్లో రాసిన పుస్తకాలు తిరగేస్తే మూడో మాట కనిపిస్తుంది: “ఫ్లూ చలికాలపు వ్యాధి.”

వాన, వేడి, చలి! ముద్దాయిలు ముగ్గురు. వీరిలో అసలు దోషి ఎవరు? రండి, విచారణ జరుపుదాం.

అసలు దోషి

‘ఇన్‌ఫ్లుయెంజా’ అనేది ఇటాలియన్ మాట. ‘ప్రభావం’ అని దాని అర్థం. ఆకాశంలోని నక్షత్రాల ప్రభావం వల్ల ఈ జబ్బు వస్తుందని ఒకప్పటి ప్రజలు నమ్మేవారు. మనం క్లుప్తంగా ‘ఫ్లూ’ అంటున్నది దీన్నే.

1933 అక్టోబరులో ‘జలదుర్గ’ అనే ఓడ విశాఖపట్నం కొత్త రేవులోకి ప్రవేశించింది. సరిగ్గా అదే సంవత్సరం లండనులో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఫ్లూ రోగుల గొంతులోని ద్రవాన్ని తీసి, ముంగిసలా కనిపించే ఫెర్రెట్ అనే జంతువు ముక్కులో వేశారు. దానికీ ఫ్లూ వచ్చింది! మనుషుల్లో ఫ్లూ కలిగించే వైరస్ అలా మొదటిసారిగా చేజిక్కింది.

కాబట్టి చలి ఫ్లూను పుట్టించదు, వాన పుట్టించదు, కొలిమి వేడీ పుట్టించదు. వైరస్ శరీరంలోకి వస్తేనే ఫ్లూ వస్తుంది. లోపలికి వచ్చిన ఒకటి నుంచి నాలుగు రోజులకు అది జ్వరంగా బయటపడుతుంది. సుమారు 1500 డిగ్రీల వేడితో కరిగిన ఇనుము దగ్గర నిలబడ్డ నాన్నగారికి ఆ జబ్బు కొలిమి ఇవ్వలేదు. రెండు రోజుల కిందట షిఫ్టు బస్సులో పక్కసీటులో దగ్గుతూ కూర్చున్న మిత్రుడెవరో ఇచ్చి ఉంటారు!

రొంప, ఫ్లూ ఒకటి కావన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. రొంప మెల్లగా మొదలవుతుంది. ముక్కు కారుతుంది, తుమ్ములు వస్తాయి. ఫ్లూ హఠాత్తుగా మీద పడుతుంది. గట్టి జ్వరం, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు, నీరసంతో మంచం ఎక్కిస్తుంది.

చలిదేశాల్లో చలికాలమే ఎందుకు?

దోషి వైరస్ అయినప్పుడు, ఆ దేశాల్లో అది చలికాలంలోనే ఎందుకు విజృంభిస్తుంది? 2007లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. ఫ్లూ సోకిన గినీ పందులను ఒక బోనులో, ఆరోగ్యంగా ఉన్నవాటిని పక్క బోనులో ఉంచారు. రెంటి మధ్యా గాలి మాత్రమే తిరిగే ఏర్పాటు చేసి, గాలి వేడినీ తేమనూ మార్చి చూశారు. 5 డిగ్రీల చలిలో జబ్బు బాగా వ్యాపించింది. గాలి పొడిగా ఉన్నప్పుడు కూడా బాగా వ్యాపించింది. 30 డిగ్రీల వద్ద మాత్రం గాలి ద్వారా వ్యాపించడం ఆగిపోయింది.

మనం దగ్గినా తుమ్మినా నోటి నుంచి తుంపరలు వెలువడతాయి. పెద్ద తుంపరలు ఒకటి రెండు మీటర్ల దూరంలో నేలమీద పడిపోతాయి. గాలి పొడిగా ఉంటే తుంపరలోని నీరు వెంటనే ఆవిరై, అది చిన్నదైపోతుంది. అప్పుడది కింద పడకుండా గాలిలో తేలుతూ ఉంటుంది.

చలిదేశపు ఇళ్లలో గాలి అంత పొడిగా ఎందుకుంటుంది? చిన్న లెక్క చేద్దాం. 0 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి దాదాపు 5 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. 20 డిగ్రీల వద్ద అయితే దాదాపు 17 గ్రాములు. బయటి చల్లగాలిని ఇంట్లోకి తెచ్చి వేడిచేస్తే, 17 గ్రాములు పట్టేచోట 5 గ్రాములే ఉంటాయి. అంటే తేమ 30 శాతానికి మించదన్నమాట! పైగా అందరూ తలుపులు బిగించుకుని ఆ గదిలోనే కూర్చుంటారు. చల్లని పొడిగాలి పీల్చినప్పుడు, మన ముక్కులో క్రిములను బయటికి ఊడ్చే సన్నని కేశాల కదలిక కూడా మందగిస్తుంది. అంటే చలి వైరస్‌ను పుట్టించదు గాని, దానికి దారి సుగమం చేస్తుంది.

మరి మన విశాఖలో?

విశాఖపట్నంలో జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీల కిందికి దిగదు. సముద్రం పక్కనే ఉండడం వల్ల గాలిలో తేమ ఏడాది పొడుగునా ఎక్కువే. గినీ పందుల ప్రయోగం ప్రకారమైతే ఇక్కడ ఫ్లూ ఉండనే కూడదు. కాని ఉంటుంది!

మన దేశంలో 2009 నుంచి 2013 వరకు వివిధ నగరాల్లో రోగుల నమూనాలు పరీక్షించి, పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు తమ ఫలితాలను 2015లో ప్రకటించారు. మంచు కురిసే శ్రీనగరులో ఫ్లూ జనవరి, మార్చి నెలల మధ్య ఎక్కువగా ఉంది. ఢిల్లీ, పూనా, కలకత్తా వంటి చోట్ల అది జులై నుంచి సెప్టెంబరు వరకు, అంటే వానల్లో, ఉధృతంగా ఉంది. ఈశాన్య ఋతుపవనాలు తడిపే మద్రాసులో అక్టోబరు, నవంబరు నెలల్లో పెరిగింది. అంటే మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ ముఖ్యంగా వానలతోపాటు వస్తోంది. చలికాలం చివర మరో చిన్న అల లేవడం కూడా కద్దు. మన విశాఖకు నైరుతి వానలూ ఉన్నాయి, అక్టోబరు తుఫానులూ ఉన్నాయి.

ఇదెలా సాధ్యం? ఆ న్యూయార్కు శాస్త్రజ్ఞులే 2008లో మరో ప్రయోగం చేశారు. ఈసారి జబ్బు గినీ పందినీ ఆరోగ్యమైనదాన్నీ ఒకే బోనులో ఉంచారు. 30 డిగ్రీల వేడిలో కూడా జబ్బు అంటుకుంది! గాలిదారి మూసుకుపోయినా, దగ్గరగా మసలే దారి తెరిచే ఉందన్నమాట.

ఇప్పుడు జులై నెలలో జోరువాన కురుస్తున్న ఒక ఉదయం గుర్తుకు తెచ్చుకోండి. బస్సు కిటికీలన్నీ మూసేశారు. సీటుకు ముగ్గురు కూర్చున్నారు; మిగతావాళ్లు స్టీలు కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారు. బడిలోనూ కిటికీలు మూసే ఉన్నాయి. ఎండ లేదు, వైరస్‌ను బలహీనపరిచే అతినీలలోహిత కిరణాలూ తక్కువే. ఒక బోనులో గినీ పందులకూ మనకూ తేడా ఏముంది? ఇంకో సంగతి: ఫ్లూ వైరస్ గుడ్డమీద, కాగితంమీద 8 నుంచి 12 గంటల లోపే నశిస్తే, స్టీలుమీద 24 నుంచి 48 గంటలు నిలవగలదని 1982లో ప్రకటించిన ఒక పరిశోధనలో తేలింది. ఉక్కునగరం పిల్లలు ఇది మరిచిపోకూడదు!

ఎండల్లో వచ్చిన అతిథి

కొత్తరకం ఫ్లూ వైరస్ పుడితే అది ఏ కాలం కోసమూ కాచుకుని కూర్చోదు. ఎందుకంటే దాన్ని ఎదిరించే శక్తి చాలామంది ఒంట్లో ఉండదు. 1957లో ‘ఆసియా ఫ్లూ’ మే నెలలో ఓడ ప్రయాణికులతో మద్రాసు రేవులో దిగింది. కొన్ని నెలల్లో దేశంలో 44 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. 2009లో వచ్చిన కొత్త ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాదులో, విమానంలో వచ్చిన ఒక ప్రయాణికుడిలో. అదీ మే నెలలోనే!

మనం ఏం చేయాలి?

వైరస్ దారులు తెలిశాయి గనుక వాటిని మూయడం కష్టం కాదు.

మొదటిది గాలి. జల్లు కొట్టని వైపు కిటికీలైనా తెరిచి ఉంచండి. రెండోది చేతులు. వైరస్ పైన కొవ్వుపొర ఉంటుంది. సబ్బు దాన్ని చీలుస్తుంది. కనీసం 20 సెకండ్లు రుద్ది కడగండి. కడగని చేతులతో కళ్లు, ముక్కు, నోరు తాకకండి. మూడోది దగ్గు. చేతిరుమాలో మోచేతి మడతో అడ్డం పెట్టుకోండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. జ్వరం ఉంటే బడికి వెళ్లకండి. మందు వేసుకోకుండానే జ్వరం తగ్గి 24 గంటలు గడిచాక వెళ్లండి. రోజూ తప్పకుండా హాజరైనందుకు వచ్చే బహుమతి గొప్పదే. కాని ఒకరి జ్వరం పదిమందికి అంటి, ఆ పదిమందిలో ఒకరి ఇంట్లో ఆస్తమాతో బాధపడే తాతగారి ఊపిరితిత్తుల దాకా వెళ్లిందంటే, ఆ బహుమతికి విలువేముంది? ఫ్లూ మీకు వారం రోజుల మంచం కావచ్చు. ముసలివాళ్లకు, గర్భిణులకు, పసిపిల్లలకు ప్రాణాపాయం కావచ్చు.

అలాంటివారికి ఏటేటా వేసే టీకా ఉంది. వైరస్ రూపం మారుస్తూ ఉంటుంది గనుక టీకానూ మారుస్తారు. చలిదేశాల్లో దీన్ని అక్టోబరు ప్రాంతంలో వేస్తారు. మనం కూడా గుడ్డిగా అలాగే చేస్తే ఏమవుతుంది? జులై అల దాటిపోయాక గొడుగు తెరిచినట్టవుతుంది! అందుకే మన దేశంలో ఎక్కువ ప్రాంతాలకు వానలకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో, టీకా వేయడం మేలని శాస్త్రజ్ఞులు సూచించారు. ఈ సంగతి ఇంట్లో పెద్దలకు చెప్పి డాక్టరును అడగమనండి. యాంటీబయాటిక్కులు బాక్టీరియాకే గాని వైరస్‌కు పనిచేయవు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఊపిరి ఆడకపోయినా, తగ్గిన జ్వరం తిరగబెట్టినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మీరే పరిశోధకులు

ఇక మీకో పని. తరగతిలో ఒక పుస్తకం పెట్టండి. జ్వరం, దగ్గులతో ఎందరు బడికి రాలేదో రోజూ రాయండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. పక్కనే ఆనాటి వాన, ఉష్ణోగ్రత రాయండి. ఏడాది తరవాత గ్రాఫు గీయండి. ప్రతి జ్వరమూ ఫ్లూ కాదు గనుక ఇది పూర్తి రుజువు కాదు. కాని శిఖరం జనవరిలో లేచిందో, జులైలో లేచిందో, అక్టోబరులో లేచిందో మీ కళ్లతో మీరే చూడవచ్చు.

ఆ గ్రాఫు మామ్మకూ చూపించండి. వానలో లోపలికి రమ్మనడం తప్పు కాదు మామ్మా, లోపలికి వచ్చాక కిటికీ మాత్రం మూయవద్దు అని చెప్పండి!