ఆరిపోవడం కాదు... తేమ తాగి బిగుసుకుంటుంది!

చెప్పు పట్టీ ఊడింది. రిమోట్ వెనక మూత విరిగింది. ఫ్రిజ్ మీది బొమ్మకు తల ఊడింది. వెంటనే ఇంట్లో వినిపించే మాట... ‘ఆ ఫెవిక్విక్ ఎక్కడుందో చూడు!’ సొరుగంతా గాలిస్తే ఎక్కడో అడుగున దొరుకుతుంది. నొక్కితే రాదు. గట్టిగా నొక్కితే పక్కనుంచి పగిలి వేళ్లకు అంటుకుంటుంది. లేదంటే లోపల మొత్తం రాయి! వాడింది రెండు చుక్కలు. పారేసేది మిగతాదంతా.

ఇంట్లో అయితే పోయేది చిల్లర డబ్బులే. వర్క్‌షాపులో అలా కాదు. వడ్రంగి పనివాళ్లు, సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు 20 గ్రాములు, 50 గ్రాముల సీసాలు తెచ్చుకుంటారు. సగం వాడేసరికి అది చిక్కబడుతుంది. పారేయడానికి మనసొప్పదు. దాంతోనే పని కానిస్తే అప్పటికి అతికినట్టే ఉండి, నాలుగు రోజులకు ఊడొస్తుంది. మాట పడేది జిగురు కాదు, పనివాడు!

‘మూత సరిగ్గా పెట్టలేదు, అందుకే ఆరిపోయింది’ అంటారు అందరూ. మూత సంగతి నిజమే. ఆరిపోవడం మాత్రం నిజం కాదు.

మెతుకుది ఒక దారి... దీనిది ఒక దారి

మనం చిన్నప్పట్నుంచీ చూసిన జిగుర్లన్నిటిదీ ఒకటే పద్ధతి. పుస్తకాల అట్టలకు రాసిన అన్నం మెతుకు, మైదాపిండి ఉడికించిన జిగురు, తుమ్మబంక, కొండపల్లి బొమ్మల తయారీలో రంపపు పొట్టుతో కలిపే చింతగింజల జిగురు, బల్లలకు వాడే తెల్ల ఫెవికాల్... అన్నిట్లోనూ నీరుంటుంది. ఆ నీరు పోతే అవి బిగుస్తాయి. అందుకే చిక్కబడిన బంకలో నాలుగు నీటిచుక్కలు వేసి వాడుకోవడం మనకు అలవాటు.

సూపర్ గ్లూ వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. అసలు పేరు సయనోఎక్రిలేట్. అందులో నీరుండదు. పైగా నీరు తగిలితేనే గట్టిపడుతుంది. రవ్వంత తేమ సోకగానే దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు గొలుసులుగా అల్లుకుపోతాయి. మనం అతికించే వస్తువు ఎంత పొడిగా కనిపించినా, దానిమీద కంటికి ఆనని తేమపొర ఉంటుంది. ఈ జిగురుకు ఆ మాత్రం చాలు. ఎండాకాలంలో అనంతపురం లాంటి చోట పొడిగాలికి అతకడం ఆలస్యమైతే, ఆ వస్తువు మీద నోటితో ఒకసారి ఆవిరి ఊది అతికించడం వెనకున్న రహస్యం ఇదే.

మరి సీసాలోనే ఎందుకు బిగుసుకోదు? తయారుచేసేటప్పుడే ఆమ్లగుణమున్న పదార్థాలను కొద్దిగా కలుపుతారు. గొలుసు మొదలుకాకుండా అవి కాపలా కాస్తాయి. ఆ కాపలాకూ ఓ హద్దుంది. మూత తీసిన ప్రతిసారీ లోపలికి దూరే గాలి తనతో ఇంత తేమను మోసుకెళ్తుంది. దానికి వేడి తోడైతే పని మరింత తొందరగా పూర్తవుతుంది. వర్షాకాలంలో విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మూత తీసిన సీసా ఎక్కువ రోజులు నిలవకపోవడంలో వింతేం లేదు.

సీసాను పాలిథిన్ రకం ప్లాస్టిక్‌తో చేయడమూ ఇందుకే. ఆ ప్లాస్టిక్‌కు ఈ జిగురు సరిగ్గా అంటదు. గాజుకేమో కాస్త క్షారగుణం ఉంటుంది. అది ఈ జిగురును బిగిసేలా చేస్తుంది. కాబట్టి మిగిలినదాన్ని చిన్న గాజుసీసాలోకి వంపి దాచుకుందామనే ఆలోచన వద్దు.

అన్నట్టు, దీన్ని కనిపెట్టినవాళ్లను మొదట విసిగించింది కూడా ఈ తేమ గుణమే. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురిచూసే అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతూ ఈ పదార్థాన్ని తయారుచేసింది. తాకిన ప్రతిదానికీ అంటుకుపోతుంటే, పనికిరాదని పక్కన పెట్టేశారు. 1951లో ఆయన సహచరుడు ఫ్రెడ్ జాయ్‌నర్ ఇదే పదార్థాన్ని రిఫ్రాక్టోమీటర్ అనే పరికరంలో పరీక్షిస్తే, ఖరీదైన రెండు పట్టకాలు అతుక్కుపోయాయి. అప్పుడు తట్టింది, ఇది జిగురుగా పనికొస్తుందని! 1958లో ఈస్ట్‌మన్ 910 పేరుతో అమ్మకానికి పెట్టారు. 2010లో కూవర్‌కు అమెరికా జాతీయ సాంకేతిక పతకం దక్కింది. ఆ మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

ఎవరిని అడిగినా మొదట చెప్పే చిట్కా ఇదే. సగం నిజం. మూత తీయని సీసాకు చల్లదనం మేలు చేస్తుంది. పెద్ద కంపెనీలు కూడా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచితే మంచిదంటాయి. మామూలు గదిలో సుమారు ఏడాది నిలిచేది, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది.

చిక్కంతా బయటికి తీసినప్పుడే. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ల సీసాకు చెమట పట్టడం చూస్తుంటాం కదా. చల్లటి జిగురు సీసా మూతను వెంటనే తీస్తే లోపల జరిగేదీ అదే. తేమ రాకూడదని దాచి, చేతులారా తేమను పిలిచినట్టు! తీశాక గంటో రెండు గంటలో అలాగే వదిలేసి, సీసా గది వేడికి వచ్చాకే మూత తీయాలి. ఒకసారి వాడటం మొదలెట్టిన సీసాను రోజూ ఫ్రిజ్‌కీ బల్లకీ మధ్య తిప్పకపోవడమే మేలు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. గ్లకోమాకు వాడే కంటిమందుల్లో కొన్నిటిని ఫ్రిజ్‌లో ఉంచమంటారు. ఆ చుక్కల మందు సీసా, జిగురు సీసా... రెండూ బొటనవేలంత. రెండిటికీ సన్నటి ముక్కే. కళ్లజోడు పెట్టుకోకుండా, నిద్రమత్తులో పెద్దవాళ్లు ఒకటనుకుని ఇంకొకటి తీస్తే? ఇది ఊహ కాదు. కంటిమందనుకుని సూపర్ గ్లూ వేసుకున్న ప్రమాదాలను వైద్య పత్రికలు చాలాసార్లు నమోదు చేశాయి. జిగురు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, కన్ను అలా కాదు. అందుకని ఇంటి ఫ్రిజ్‌లో జిగురు వద్దనే నా మాట. వర్క్‌షాపులో వేరే ఫ్రిజ్ ఉంటే సరే. అక్కడైనా తిండి పదార్థాల పక్కన కాకుండా, పేరు రాసిన డబ్బాలో పెట్టాలి.

పొరపాటున కంట్లో పడితే రెప్పల్ని బలవంతంగా విడదీయొద్దు. గోరువెచ్చని నీళ్లతో కడుగుతూ, తడిగుడ్డ కప్పి వెంటనే కంటి ఆస్పత్రికి వెళ్లాలి. వేళ్లు అతుక్కుంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లిస్తూ విడదీయాలి. గోళ్లరంగు తుడిచే ఎసిటోన్ వేళ్ల వరకే. కళ్లు, పెదవుల దగ్గరికి దాన్ని రానివ్వొద్దు.

గాలి చొరబడని డబ్బా చాలు

వాడుకలో ఉన్న సీసాకు కావాల్సింది చల్లదనం కంటే పొడిదనం. బిగుతైన మూతున్న ఖాళీ డబ్బా ఒకటి తీసుకోండి. కొత్త బూట్ల పెట్టెల్లో, మందుల డబ్బాల్లో వచ్చే సిలికాజెల్ పొట్లాలు నాలుగు అందులో వేయండి. జిగురు సీసాను నిలువుగా నిలబెట్టి మూత బిగించండి. పడుకోబెడితే జిగురు ముక్కులోకి చేరి అక్కడే గడ్డకడుతుంది.

ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసినట్టు ఇందులోనూ వేయొచ్చా అంటారేమో. వద్దు. పొడిగా కనిపించే బియ్యంలోనే నూటికి పన్నెండు, పదమూడు పాళ్లు తేమ ఉంటుంది. రంగు మారే రకం సిలికాజెల్ దొరికితే ఇంకా సుఖం. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ నిండినట్టే. మార్చేయాలి.

ఆ డబ్బాను రేకుల షెడ్డులో పైఅరమీద పెడితే చేసిందంతా వృథా. మధ్యాహ్నపు ఎండకు అక్కడ కొలిమే! నేలకు దగ్గరగా, ఎండ తగలని చోట, పిల్లలకు అందకుండా తాళమున్న అర చూడండి. ఎండీఎఫ్ చెక్క మూలలు అతికేవాళ్లు జిగురుతోపాటు యాక్టివేటర్ స్ప్రే వాడతారు. జిగురును చిటికెలో బిగించడమే దాని పని. రెంటినీ ఒకే డబ్బాలో దాచడమంటే దొంగనూ తాళంచెవినీ ఒక్కచోట పెట్టడమే. సందులు పూడ్చడానికి జిగురుమీద చల్లే వంటసోడాదీ అదే గుణం. ఆ చేత్తో సీసా ముక్కు ముట్టుకోవద్దు.

ఇక ఆ ముక్కు. సగం సీసాలు పాడయ్యేది దీన్నుంచే. కొసను వీలైనంత తక్కువ కోయాలి, పళ్లతో మాత్రం కొరకొద్దు! పని అయ్యాక సీసాను నిలబెట్టి బల్లమీద రెండుసార్లు మెల్లగా తట్టండి. ముక్కులో మిగిలింది కిందికి దిగుతుంది. కొసను పాలిథిన్ ముక్కతో తుడిచి వెంటనే మూత పెట్టండి. నూలుగుడ్డ, దూది వద్దు. నూలుకు ఈ జిగురు ఎక్కువగా తగిలితే వేగంగా బిగుస్తూ వేడి పుడుతుంది. చెయ్యి కాలేంత, ఒక్కోసారి పొగ వచ్చేంత!

ఇంత హడావుడి ఎందుకనుకునే ఇళ్లకు నా సలహా ఒకటే. పెద్ద సీసా చవకని కొనొద్దు. అర గ్రాము చిన్న ట్యూబులే నయం. ఒకటి విప్పితే ఒక పని, మిగతావి సీలుతో భద్రం. వర్క్‌షాపుకూ ఇదే లెక్క. 50 గ్రాముల సీసా ఒకటి కాకుండా 20 గ్రాములవి తెచ్చుకుని ఒక్కొక్కటే తెరవండి. తెరిచిన తేదీ సీసామీదే మార్కరుతో రాయండి.

చిక్కబడి, చుక్క తీస్తుంటే తీగపాకంలా సాగుతోందా? దాని రోజులు అయిపోయినట్టే. అనుమానంగా ఉంటే రెండు చెక్కముక్కలు అతికించి చూడాలి గానీ, గిరాకీ వస్తువు మీద ప్రయోగాలొద్దు. మిగిలింది పారేసే ముందు పాత చెక్కమీద గాలి తగిలే చోట పిండేసి, పూర్తిగా గట్టిపడ్డాక చెత్తబుట్టలో వేయండి.