ఒకే కంప్యూటరు – రెండు వ్యవస్థలు

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో మేముండే వీధి నిండా సి.ఏ. కోచింగ్ కేంద్రాలే. మా అమ్మాయి చదువూ అదే. ఆమె కంప్యూటరులో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. పరీక్షకు పది రోజుల ముందు, ఒక అప్‌డేట్ అనంతరం, ఉబుంటు కనుమరుగైనది. నోట్సంతా అందులోనే ఉన్నది! మరమ్మతుదారు "మొత్తం ఫార్మాట్ చేయవలసిందే" అన్నాడు. మేము అంగీకరించలేదు.

పాత యంత్రాలలో ప్రారంభ ప్రోగ్రాముకు డిస్కు మొదటి 512 బైట్లలో 446 బైట్ల చోటు మాత్రమే ఉండేది. కనుక తరువాత ఎక్కించిన వ్యవస్థ ముందున్నదానిని చెరిపివేసేది. నేటి యూఈఎఫ్ఐ యంత్రాలలో రెండింటి బూట్‌లోడర్లూ ఒక చిన్న విభాగంలో వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. తరచు తారుమారయ్యేది వాటి వరుసక్రమమే గాని, మన ఫైళ్ళు కావు.

ఎఫ్2 మీట నొక్కి, సెటప్‌లో బూట్ వరుసను చూచి, ఉబుంటును ముందుకు తెచ్చాము. గ్రబ్ పట్టిక ప్రత్యక్షమైనది, నోట్సు క్షేమం! జాబితాలో ఆ పేరే లేనప్పుడు, పెన్‌డ్రైవ్ నుండి ఉబుంటును నడిపి గ్రబ్‌ను తిరిగి స్థాపించాలి. బిట్‌లాకర్ ఉన్నట్లయితే రికవరీ కీని ముందే వ్రాసి ఉంచుకోవాలి.

తాళంచెవి పోయినంత మాత్రాన ఇల్లు కూల్చుకోము గదా!